మూడో డ్రమ్ము

నాగపట్నం అవతలి బావుల నుంచి
రాత్రి లారీలో దిగాయి నాలుగు నీలం డ్రమ్ములు.
మణలిలో తెల్లారకముందే వాన.
మూతల మీద నిలిచిన చుక్కల్లో
రిఫైనరీ మంట వణుకుతోంది.

మూడోదాని మూత తిప్పితే
ముక్కుకి ముందు తగిలింది కిరసనాయిలు,
తర్వాత మురిగిన కోడిగుడ్డు,
ఆ తర్వాత, పొరబడ్డానేమో, సముద్రం.

నూనె వెంట పైకొచ్చిన నీళ్లివి.
మనిషి పుట్టకముందు ఇంకిన కడలి
ఎండ మొహం ఎరక్కుండా రాళ్ల సందుల్లో ఉండి ఉండి
పిలవని పేరంటానికి వచ్చింది.
నూనె పైపెక్కి దర్జాగా పోయింది.
దీనికి మాత్రం ఎవరూ ఎదురు రాలేదు.

"ఉప్పెంత?" అంటాడు ఎళిలరసన్.
మీటరు చూసి
"సముద్రానికి అక్క" అంటాను.
అక్క మా ఇద్దరి భాషల్లోనూ అక్కే. నవ్వుతాడు.

ముందు గాలి బుడగలు.
అడుగు నుంచి పాలనురగలా లేచి
నూనె చుక్కల్ని భుజానేసుకొస్తాయి.
మీగడ తీసినట్టు తీస్తాను.
తర్వాత అక్రోటు తొక్కల పొడి:
ఎక్కడో కాశ్మీరు తోటలో పప్పు తినేసి పారేసినవి
నా గొట్టంలో కూర్చుని జిడ్డు తింటాయి.
ఆఖరికి పొర.
గాలికి డెబ్బై రెట్లు ఒత్తితేగానీ
ఉప్పుని వదలవు నీళ్లు,
మా పిన్ని పేరమ్మ పాత బాకీ వదిలినట్టు.

సాయంత్రానికి గాజు గ్లాసులో అరలీటరు తేట.
చిక్కటి ఉప్పు వెనక తొట్టిలో.
దాని సంగతి ఎవరూ అడగరు.
పై ఆఫీసు నుంచి వచ్చినాయన
అందరూ అడిగేదే అడిగాడు: "తాగొచ్చా అమ్మా?"
కూలింగ్ టవరు తాగొచ్చండీ, బాయిలరు తాగొచ్చు.
మీరూ నేనూ అంటే
ఇంకా బోరాన్ లెక్క తేలాలి.

ఆయన వెళ్లాక మిగిలింది
కిటికీలో పెరుగు డబ్బాలో ఉన్న కరివేపాకుకి పోశాను.
రిజిస్టరులో రాయలేదు.

రెండు వారాలకి ఆకుల అంచులు మాడాయి.
ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు,
ఆకు ముందే చెప్పేసింది.
కాస్త సోడా కలిపి
నీళ్లని మళ్లీ పొర దాటించాను.
ఎర్నావూరులో మా వీధి ఆడవాళ్లు
ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే వేళకి
నేనిక్కడ ఒక్క మొక్కకి
మిల్లీలీటర్లలో కొలిచి పోస్తున్నాను.
సిగ్గేసింది. అయినా పోశాను.

ఈ ఉదయం కొసన ఒక చిగురు,
అంచుదాకా పచ్చగా.
తుంచి నలిపాను.
పదేళ్లుగా డీజిలు దిగిన వేళ్లు నావి.
నా ముక్కుని నేను నమ్మలేక
ఎళిలరసన్‌ని పిలిచి చెయ్యి చాపాను.

వాసన చూశాడు.
ఇంకోసారి చూశాడు.
"నాలుగో డ్రమ్ము తెరవనా అక్కా?" అన్నాడు.