చిటికెన వేలు

జనరేటర్ నాది కాదు.
డీజిల్ పోసేవాణ్ణి, తాళం తిప్పేవాణ్ణి, అంతే.
మకుర్దిలో, వాడాటా బజారు వెనక,
రెండు వందల యాభై కంప్యూటర్ల పరీక్ష హాలుకి
కరెంటు పోయిన క్షణం నుంచీ దేవుణ్ణి నేనే.

ఆ హాల్లో నేనూ కూర్చున్నాను, మూడుసార్లు.
నాలుగు వందలకి నూట అరవై ఒకటి,
తర్వాత నూట డెబ్భై,
మళ్ళీ నూట అరవై ఒకటి.
గోడకి అటూ ఇటూ కాపురం చేసినవాణ్ణని
ఇవెరెన్ నా దగ్గరికొచ్చింది.
"అన్నా, అది ఎలా ఉంటుంది?"
పులిని చూసొచ్చినవాణ్ణి అడిగినట్టు.

చెప్పాను. నూట ఎనభై ప్రశ్నలు, రెండు గంటలు.
ఒక్కోదానికి నలభై సెకన్లు.
ఆమె గడియారం వైపు చూడలేదు.
పెనం మీద గర్రీ వేయిస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి
"ఇరవై ఆరు తిప్పుళ్ళు" అంది.
ఇక మా దగ్గర సెకన్లు లేవు.
వ్యతిరేక పదానికి పది తిప్పుళ్ళు,
గుండె గదులకి పదిహేను.
మోల్ లెక్క వచ్చిన రోజు మాత్రం గర్రీ మాడేది.
వాళ్ళమ్మ నన్ను తిట్టేది, మోల్‌నీ తిట్టేది,
వాడెవడో తెలియకుండానే.

మౌస్ ఎప్పుడూ పట్టలేదా పిల్ల.
అక్కర్లేదన్నాను, ఎనిమిది అక్షరాలు చాలు.
సబ్బుల అట్టపెట్టె చించి బొగ్గుతో రాసిచ్చాను:
జవాబులకి నాలుగు, ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి,
ముగించడానికి ఒకటి,
ఆగు, ఇంకా ఉంది, అనడానికి ఒకటి.
"ముగించేదాని జోలికి మాత్రం పోకు.
రెండోసారి నా వేలు దానిమీద పడింది.
ఇంకా యాభై నిమిషాలుంది.
ఆగు అనే అక్షరం ఒకటుందని
నాకెవరూ చెప్పలేదు."

ఇంకోటి కూడా చెప్పాను:
నాలుగు జవాబుల్లో రెండు ఉత్త అబద్ధాలు,
ఒకటి నిజం బట్టలు కట్టుకున్న అబద్ధం.
దాన్ని కనిపెట్టడమే పరీక్ష.
తెలియకపోతే గుడ్డిగా అయినా ఒకటి నొక్కు,
ఖాళీకి మార్కుల్లేవు.

ఇన్ని చెప్పినవాణ్ణి, వేలి సంగతి చెప్పలేదు.

పొద్దున్న ఆరున్నర. గుమ్మంలో యంత్రం.
బొటనవేలు పెట్టింది, ఎర్ర దీపం.
తుడిచి పెట్టింది, ఎర్ర దీపం.
తల్లో నూనె రాసుకుని పెట్టింది.
చూపుడు వేలు. నడిమి వేలు.
వెనక వరసలో ఎవరో నాలుక చప్పరించారు.

మా నాయనమ్మ అప్పు కాగితం మీద వేలిముద్ర వేసింది.
అక్షరం రానివాళ్ళ సంతకం అని
షాపువాడు నవ్వాడు, నేనూ నవ్వాను.
ఇప్పుడు చదువే గుమ్మంలో కూర్చుని
వేలిముద్ర వెయ్యమంటోంది,
ఈ పిల్లకేమో వెయ్యడానికి ముద్ర లేదు.
పేరు నమోదుకి ఎలాగో దొరికిన గీతల్ని
కత్తీ, కర్రపెండలం పాలూ, పెనం సెగా
నాలుగు నెలల్లో నాకేశాయి.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
పరిగెత్తాను. ఏ పనివాడికైనా అంతే,
తన వాళ్ళ కష్టం సగంలో చూసి పోవాలి.

తిరిగొచ్చేసరికి గుమ్మం ఖాళీ, బెంచీ ఖాళీ.
కాపలావాడు తన ఎడమ చెయ్యి ఎత్తి
చిటికెన వేలు ఆడించి చూపించాడు.
కత్తి పట్టని వేలు, గరిటె మొయ్యని వేలు,
ఇంటిల్లిపాదిలో ఒక్క సోమరి.
దానికే తలుపు తెరిచారు.

రెండు గంటలు ఇంజను పక్కనే కూర్చున్నాను.
ఇరవై ఆరు, ఇరవై ఆరు, ఇరవై ఆరు.
నా పరీక్షలప్పుడు కూడా అంత చెమట పట్టలేదు.
బయటికొచ్చాక ఏమీ అడగలేదు. తనే చెప్పింది:
"రెండుసార్లు మాడింది. మిగతాదంతా బానే వేగింది."

ఫలితం ఇంకా రాలేదు.
నర్సింగులో సీటొస్తే అక్కడా వేలు పెట్టమంటారట.
నిన్న సాయంత్రం అటు వెళ్ళాను.
పెరట్లో కర్రపెండలం గుట్ట, వాళ్ళమ్మ పాట,
ఇవెరెన్ చేతిలో కత్తి గబగబా ఆడుతోంది.
ఎడమ చిటికెన వేలికి మాత్రం గుడ్డ చుట్టి,
కత్తికి దూరంగా, గాలిలోకి
ఎత్తిపట్టుకుని చెక్కుతోంది.