బొటనవేలికి కట్టిన దారం

ఆటోనగర్ మూడో క్రాసులో నా షెడ్డుకి
ఓ సాయంత్రం నాంచారయ్య బాబాయి గోనెసంచీతో వచ్చాడు.
సంచీలో నాలుగు పరజలు.
చచ్చినవి కావు, బతికినవీ కావు.
తెల్ల పొణికి కర్ర, కొండపల్లిలో చెక్కించాడట,
రెక్కల మీది రంగు ఇంకా చేతికంటుతోంది.

"ఇవి నీళ్లలో దేవుడి పటాల్లా కూచుంటున్నాయిరా అబ్బాయ్.
పైనుంచి గుంపు వస్తుంది, ఓ చుట్టు చుడుతుంది,
మెడలు సాచి చూస్తుంది,
పోతుంది.
కదలనిదాన్ని పిట్ట నమ్మదు.
మెకానిక్కువి కదా, వీటికి కాస్త ప్రాణం పొయ్యి."

ప్రాణం పొయ్యడమంటే నాకు తెలిసింది
బ్యాటరీ మార్చడం.

మొదట మెడ కోసి లోపల స్ప్రింగు పెట్టాను.
గాలి వీస్తే తల ఊపాలి.
ఊపింది. పెళ్లిచూపుల్లో మేనమామలా
అన్నిటికీ సరే సరే అంటూ ఊపింది.
లంకలో గాలి పడిపోయిన పొద్దున
నాలుగూ మళ్లీ పటాలే.

తర్వాత డొక్కు అంబాసిడర్ వైపర్ మోటారు.
కొబ్బరినూనె డబ్బాలో కూర్చోబెట్టి, మైనంతో మూతి మూసి,
పిట్ట పొట్టకింద బిగించాను.
తోక కుడికి, తోక ఎడమకి, కుడికి, ఎడమకి,
వాన లేనిచోట అద్దం తుడుస్తున్నట్టు.
గుంపు సగం దిగి, చటుక్కున లేచిపోయింది.
బాబాయి బీడీ కొస కొరికి ఉమ్మేశాడు.
"దీనికి తాళం ఉందిరా. బతికున్నదానికి తాళం ఉండదు.
అది గోక్కుంటుంది, మర్చిపోతుంది,
మళ్లీ గుర్తొచ్చి గోక్కుంటుంది."

ఆ మాట వారంపాటు నన్ను పని చెయ్యనివ్వలేదు.
ఏ బానెట్ ఎత్తి చెవిపెట్టినా తాళమే.
ముప్పయ్యేళ్లుగా నేను
తాళం తప్పినవాటిని తాళంలోకి తెచ్చి
డబ్బులు తీసుకుంటున్నాను.

చివరికి మోటారు పీకేశాను.
ఓ ఇటుకకి పాత బేరింగు రింగు కట్టి నీళ్లడుక్కి దించాను,
దాంట్లోంచి గాలం దారం దూర్చాను,
ఒక కొస పిట్ట ముక్కుకి, ఇంకో కొస ఒడ్డుకి.
లాగితే మునుగుతుంది. వదిలితే తేలుతుంది.
చుట్టూ నాలుగు అలలు. అంతే, ఇంకేం లేదు.

మాఘమాసం చలి. ఇబ్రహీంపట్నం దగ్గర
చీకటితోనే పుట్టి ఎక్కి లంక చేరాం.
వెనక థర్మల్ పొగగొట్టాల ఎర్రదీపాలు.
జమ్ము చాటున పడుకున్నాం.
వల తాడు బాబాయి చేతిలో,
దారం లాగాల్సింది నేను.
"నీ చేతికి పనితనం ఎక్కువ, పాడుచేస్తావ్" అని
అదీ లాక్కుని కాలి బొటనవేలికి కట్టుకున్నాడు.
కాసేపటికి గురక.

దోమ కుట్టింది, కాలు విదిలించాడు.
నీళ్లలో పిట్ట మునిగి లేచింది.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
కలలో ఎవరినో తన్నాడు, రెండుసార్లు మునిగింది.
దగ్గు తెర వచ్చింది, ఒళ్లంతా వణికింది,
అచ్చం రెక్కలు దులుపుకున్నట్టే.

వచ్చాయి.
ఈలలేసుకుంటూ మంచులోంచి, పదో పదిహేనో.
ఒకటి కర్రపిట్ట దాకా ఈదుకొచ్చి
దాని రంగు రెక్కని ముక్కుతో సర్దింది.
వల తాడు బాబాయి గుప్పిట్లోంచి జారి
నా మోచేతి పక్కన పడి ఉంది.
ఒక్క గుంజు.

ముక్కు దురద పెట్టింది. చీమ మెడమీదికెక్కింది.
ఆ రేవులో అప్పుడు కదలనివి రెండే,
ఇటుకా, నేనూ.

ఎండ పొడిచాక బాబాయి లేచాడు.
"వచ్చాయా?"
"లేదు."

దారం చుట్టుకుంటూ నీళ్లంచుకి దిగాడు.
బురదలో అంటుకున్న ఓ ఈకని తీసి
పంచెకి తుడిచాడు.
నేను తెడ్డేస్తున్నంతసేపూ
ఒక కన్ను మూసుకుని
దాంతో చెవి తిప్పుకుంటూ కూచున్నాడు.
ఏమీ అనలేదు.