పావంగుళం లూజు

ఏడు రోడ్ల కూడలి నుంచి లోపలికి తిరిగితే
నా కుట్టు కొట్టు. గోడకవతల గేముల కొట్టు.
రెంటికీ ఒకటే మీటరు, ఒకటే బిల్లు.
నెలాఖరున ఎవరి వాటా ఎంతని
నేనూ ఢిల్లేశూ రూపాయి రూపాయికీ దెబ్బలాడుకుంటాం.

శ్రావణం దాటాక, బేరాల్లేని ఒక మధ్యాహ్నం
"అత్తా, ఓ పాలి పట్టుకో" అని
నా చేతుల్లో పెట్టాడు ఆ నల్లటి వస్తువు.
రెండు కొమ్ములు, లోపలెక్కడో కాస్త బరువు.
కుందేలు పిల్లని ఎత్తుకున్నట్టుంది.

కుడి పక్కన నాలుగు బొత్తాలు.
ముప్ఫయ్యేళ్ళుగా బొత్తాలు కుడుతున్నదాన్ని,
కాజాలు లేని బొత్తాలు ఇవే చూడటం.
ఒకదాని మీద సున్నా, ఒకదాని మీద ఇంటూ,
ఒకటి పలక, ఒకటి ముక్కోణం.
"ఇవి నా సుద్ద గుర్తులేరా" అన్నాను.
ఇంటూ పెడితే అక్కడ హుక్కు,
ముక్కోణం గంటు పెడితే అక్కడ చెయ్యి అతుకు.
వాడు నవ్వలేదు.
"ఇంటూ నొక్కితే గెంతుతాడత్తా."

నొక్కాను. గెంతాడు.
గట్టిగా నొక్కాను. అంతే గెంతాడు.
కోపంగా నొక్కాను, బతిమాలుతూ నొక్కాను,
అదే ఎత్తు, వెంట్రుకవాసి తేడా లేదు.
"బొత్తానికి ఎంత అన్నది తెల్దత్తా.
ఔనా, కాదా. అంతే."
ఫోనులో మా ఆయన కూడా అంతే.
ఊఁ. ఉఁహూఁ.

తర్వాత ఎడమ బొటనవేలి కింద ఆ పుట్టగొడుగు.
స్టిక్కు అనాలట. నాకైతే పుట్టగొడుగే.
ముందుకి తోశాను, చివరికంటా.
తెరలో మనిషి పరిగెత్తి పరిగెత్తి
వంతెన మలుపులో నీళ్ళలో పడ్డాడు.
మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు.
మన నాగావళి కూడా ఒక్క పూటలో
ఇంతమందిని మింగి ఉండదు.

"అంత తొయ్యకత్తా. సగం. సగంలో సగం.
ఇది ఎటు అని అడుగుతాది,
ఎంత అని కూడా అడుగుతాది."

ఎంత అని అడిగేది నా కాలి కిందా ఉంది కదరా!
మిషనుకి మోటారు పెట్టించాక వచ్చిన ఆ తొక్కుడు బిళ్ళ.
ఆనిస్తే ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకోవచ్చు,
అదిమితే చీర ఫాలు మొత్తం ఒకే ఊపు.
మెడ మలుపు దగ్గరా చంక మలుపు దగ్గరా
నా పాదం ఊపిరి బిగబట్టుకుంటుంది.

ఆ సంగతి బొటనవేలికి చెప్పాను.
మనిషి నడిచాడు.
వంతెన మీద, చెక్క తర్వాత చెక్క,
కొత్త చెప్పులేసుకున్నవాడిలా.
అవతలి ఒడ్డున ఏదో పెట్టె ఉందట, తెరవాలట.
నాకక్కర్లేదు. వెనక్కి తిప్పి
మళ్ళీ అదే వంతెన మీద నడిపించాను.

మరో రోజు వాడు పాతదొకటి విప్పుకుని కూచున్నాడు.
ఎవరూ ముట్టుకోకుండానే తెరలో మనిషి
ఎడమకి పోతున్నాడు, మెల్లగా,
గోడ తగిలాక కూడా నడుస్తూనే.
"అరిగిపోనాదత్తా. మధ్య ఎక్కడో మరిచిపోనాది."

నా కుడి బొటనవేలు చూసుకున్నాను.
కత్తెర పక్కన పెట్టినా అది కత్తెర పట్టుకునే ఉంటుంది,
రాత్రి దుప్పటి మీద కూడా
లోపలికి వాలి.
వాడికి చూపించలేదు.

"ఏటి సేస్తావు మరి?"
"మధ్యలో చిన్న సున్నా గీస్తాను, లెక్కలో.
ఆ సున్నా లోపల ఎంత వణికినా
కదిలినట్టు కాదు.
పెద్దది గీస్తే మొద్దుబారిపోతాది,
మరీ చిన్నదైతే మళ్ళీ గోడకేసే."

ఓస్, లూజు!
ఒంటి కొలతకి ఒంటి కొలతే కుడితే
ఆ జాకెట్టులో మనిషి తుమ్మలేదు.
పావంగుళం వదలాలి,
దగ్గుకి, నవ్వుకి, పెళ్ళి భోజనానికి.
అంతకు మించితే భుజం జారుతుంది.
ఆ సున్నాకి చచ్చిన చోటని పేరట వాళ్ళ భాషలో.
ఎవడు పెట్టాడో, ఎప్పుడూ
బిగుతు చొక్కా తొడుక్కుని ఉండడు.

ఈ నెల బిల్లు పదిహేడు వందల నలభై మూడు.
వాడి తెరలు, నా మోటారు, రెండు ఫ్యాన్లు,
అన్నీ వేసి చూశాం. ఆ నలభై మూడు
ఎవరిదో తేలలేదు.
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
నేను లోపలికొచ్చేశాను.