శివారు

మంగళవారం. శ్రీకాకుళం పెద్దాసుపత్రి.
కాన్పుల వార్డు గుమ్మం ముందు
ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను
ఎవరో ఒక తల్లికి నొప్పులు తీరేదాకా.
నాకు కావలసింది ఎలాగూ పారేసేదే:
ఆవిడ సంతకం, జానెడు బొడ్డుతాడు.

పక్క బెంచీ మీద కట్టు మార్పించుకోడానికి
సీపాన దాలినాయుడు.
వంశధార ఎడమకాలువ మీద ముప్పయ్యేళ్ల లస్కరు.
చక్కెర జబ్బు రెండు కాలివేళ్లు పట్టుకుపోయింది.
మడమ మీది పుండు నాట్ల నాటిది,
నూర్పులైపోయినా మానలేదు.

"ఏటమ్మా, డబ్బాలో సేపలేటి?"
అన్నాడు మొదటి వారం.

చెప్పాను.
తాడు లోపలి సిరకి లోగోడగా
ఒకే వరసలో కణాలుంటాయి.
వాటిని ఎచ్చెర్ల తీసుకెళ్లి గాజుగిన్నెలో సాకుతాను.
వాటికొక వాయువు అందించాలి, నైట్రిక్ ఆక్సైడ్.
అందితే కదులుతాయి, చేతులు చాస్తాయి,
నెత్తురు చేరని చోటికి
కొత్త నాళాలు వేసుకుంటాయి.

"మరింకేటి, ఇచ్చీ."

ఇవ్వడానికి అది నిలిస్తేగా!
దాని ఆయుష్షు కొన్ని రెప్పపాట్లు.
మూత బిగించేలోపు మరొకటైపోతుంది.
అందుకని జిగురు పూసల్లో కట్టేసి
కొంచెం కొంచెం విప్పుకునేలా చేస్తున్నాను.

మొదటిసారి పూసలు ఎక్కువేశాను.
తెల్లారి చూస్తే కణాలన్నీ గుండ్రంగా ముడుచుకుని
గిన్నె అడుగు వదిలేసి తేలుతున్నాయి.
ఆవేళ బస్సులో కండక్టరుకి
ఊరి పేరు కూడా రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

దాలినాయుడు విని నవ్వలేదు.
"షట్టరు ఒక్కపాలే ఎత్తీసినావు.
గట్టు తెగిపోదేటి?
రెండు చుట్లు తిప్పాల. బీడీ కాల్చాల.
నీటి రంగు సూడాల. మళ్లీ అర చుట్టు.
పైవోడు తిట్టకుండా, కిందోడు ఏడకుండా.
నందిగాం దిక్కు శివారు మడి తడవాలంటే
నాలుగు రాత్రులు గట్టుమీద తొంగున్నానమ్మా నేను."

నా పట్టికల్లో
ఉష్ణోగ్రత ఉంది, గాఢత ఉంది.
బీడీ కాల్చేంతసేపు అనే గడి లేదు.

పూసలు పదోవంతుకి తగ్గించాను.
ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
హైవే మీద లారీలు కక్కే పొగలోనూ
ఇదే వాయువు, ఊరికే, మణుగులకొద్దీ.
కిటికీ మూసి కూర్చున్నాను.
పదహారో గంటకి ఒక కణం తోక సాగదీసింది,
పక్కదాన్ని తాకింది.
వేకువకి గిన్నెనిండా పిల్లకాలువలు.
వాటిలో పారడానికి ఏమీ లేదు.
అయినా తవ్వేసుకున్నాయి.

ఫోన్లో ఫోటో చూపించాను.
దాలినాయుడు అటు తిప్పి ఇటు తిప్పి
గోరుతో గీత లాగాడు.
"ఇది మేజరు. ఇది మైనరు.
ఇదిగో, ఇక్కడ పూడిక."
తర్వాత కాలు కొంచెం ముందుకు జరిపాడు.
"ఎప్పుడేస్తావు దీనికి?"

ఇంకా ఎలుకలు, ఆ తర్వాత అనుమతులు, ఏళ్లు.
ఈ కాలికి కాదు, నాయుడు బావూ,
అన్నాను, ఆయన మొహంతో కాదు, కట్టుతో.

"శివారోడికి ఆ మాట కొత్తేటి" అని
కాసేపు తువ్వాలు మడతపెట్టుకున్నాడు.
"ఆ తాడు ఎవలిది?"

పేరు రాయకూడదు. పదిహేడో నంబరు.

"పదిహేడోడు.
ఆడికి తెలుసేటి,
పాలు తాగతా తొంగునుంటాడు ఏడనో."

లోపల్నుంచి అప్పుడే పుట్టిన ఏడుపు.
నేను డబ్బా మూత తీశాను.
ఎదర తలుపులోంచి తవిటమ్మ సిస్టరు
ఆయన్ని కేకేసింది.

నేను తాడుతో బయటికొచ్చేసరికి
ఆయన మెట్ల మీద ఉన్నాడు, మొహం కందిపోయి.
"పుండు గీకితే నొప్పెట్టిందమ్మా" అన్నాడు,
పనిదొరికినవాడిలా.
"నెత్తురు కూడా వొచ్చింది."

ఎంత? అన్నాను, బస్సు కదులుతున్నా.

చిటికెనవేలి కొన చూపించాడు.