చిత్రాన్నం

పాండిచ్చేరిలో నోటరీ గారి భార్య
తాళం చేతిలో పెట్టి
"దీనికి ఓపిక కావాల" అనింది, అరవంలో.
ముసలామె చాదస్తం అనుకుంటి.
సిట్రోయెన్. నా నోరు తిరగని పేరు,
నిమ్మకాయకు ఏదో దూరపు చుట్టరికమంట.
చిత్తూరు బెల్లం మండీలో దిగేసరికి
హమాలీలు మూటలు దించి, చుట్టూ తిరిగి చూసి
ఒక్కమాటలో తేల్చేసినారు:
"సావుకారి చిత్రాన్నం తెచ్చినాడ్రా!"

ఊళ్ళో కార్లన్నీ నిలబడి ఉంటాయి.
ఇది కూర్చుంటుంది.
రాత్రి ఇంజను ఆపితే చాలు,
చూలు బర్రె మాదిరి
ముందు వెనకభాగం, తర్వాత ముందుభాగం
నిమ్మళంగా నేలకు దించుతుంది.
తెల్లారి తాళం తిప్పితే
ఒక మూలుగు, ఒక వణుకు,
మోకాళ్ళమీద చేతులేసుకుని మా మేనత్త లేచినట్టు
లేస్తుంది,
లేవాలని ఉంటే.

లేకుంటే ఏకాంబరం మేస్త్రీకి కబురు.
గ్రీమ్స్‌పేటలో అంబాసిడర్లు విప్పి విప్పి కాయకాసిన చేతులు.
మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు
చాలాసేపు చూసి, బీడీ ఆర్పేసి,
చెప్పులు విప్పి దూరంగా పెట్టినాడు.
"ఇది ఇంజను గాదు సావుకారూ, పేగులు."

దానికి పచ్చనూనె కావాల. పచ్చదే.
ఎర్రది పోస్తే చస్తుంది.
చిత్తూరులో లేదు, వేలూరులో లేదు,
మద్రాసులో ఒకాయన "ఫ్రాన్సుకు రాయాల" అని
టీ తాపించి పంపినాడు.
మూడు నెలలకు ఒక పొట్లం వచ్చింది.
లోపల రబ్బరు వాచరు, వక్కంత.
కట్టిన సుంకానికి పది మూటల బెల్లం వచ్చుండు.
అదీ వేరే మోడల్‌ది.

వాకిట్లో పచ్చనూనె చుక్కలు చుక్కలుగా.
వనజాక్షి ఒకదినం పోట్లాడింది,
ఒకదినం సోడాపొడి వేసి రుద్దింది,
మూడోనాడు ఆ చుక్కల్నే కలిపి ముగ్గేసింది.
"చుక్కలు పెట్టే పని తప్పింది" అనింది.
నవ్వలేదు.

కాణిపాకంలో పూజ చేయిస్తిమి.
చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి
అయ్యవారు "పోనీ" అన్నాడు.
పోలేదు.
తీర్థం చల్లి మళ్ళీ అన్నాడు.
అందరూ చూస్తుండగా
సాగిలపడినట్టు కూర్చునేసింది.
"మంచి శకునం" అన్నాడాయన,
వెనక ఇంకా పదిహేడు బండ్లున్నాయి మరి.

చిట్టాలో "చిత్రాన్నం" అని ఒక పేజీ.
గుమాస్తా మునివేలు రెండేండ్లు
అది మండీ తిండిఖర్చే అనుకున్నాడు.
"ఇంత చిత్రాన్నం ఎవురు తింటాండారు సామీ?"

అమ్మేద్దామని పలమనేరు దాకా పోతిమి ఒకసారి.
చూసేవాడు తలుపు రెండుసార్లు తెరిచి మూసి
కాఫీ తాగి పోయినాడు.
తిరుగుదారిలో వాన. మొగిలి ఘాటు.
వనజాక్షికి ఘాటంటే కడుపులో తిప్పు.
పెండ్లయినప్పటినుంచి ఏ బండెక్కినా
చేతిలో నిమ్మకాయ,
మలుపు మలుపుకూ వాసన చూసుకుంటా,
సగం దారిలో దిగి కక్కుకుంటా.

ఆ రాత్రి ఏమైందో,
ఎవరో ముందే పోయి గుంతలన్నీ పూడ్చినట్టు
బండి తెప్పలాగా పోతాంది.
లారీలు పక్కన గడగడలాడతా దిగుతుంటే
మాకు వైపరు చప్పుడొక్కటే.
బంగారుపాళ్యం లైట్లు కనిపించినప్పుడు చూస్తి,
నిద్రపోయుంది, నోరు కొంచెం తెరుచుకుని.
చేతిలోంచి జారిన నిమ్మకాయ
నా కాళ్ళ దగ్గర, బ్రేకు పక్కన దొర్లుతాంది.
పాదంతో అవతలకు నెట్టి
ఇంకొంచెం నిదానంగా పోతి,
ఇల్లు అప్పుడే రాకూడదని.

తెల్లారితే కూర్చునే ఉంది.
తాళం తిప్పితే మూలుగు కూడా లేదు.
ఏకాంబరం వచ్చి చెప్పులు విప్పుతుంటే
వనజాక్షి కిటికీలోంచి అడిగింది:
"ఏమంట దానికి?"
మూడేండ్లలో అట్ల అడగడం అదే మొదలు.
బండి కిందినుంచి ఆయన గొంతు,
"ఏముందమ్మా, మళ్ళీ ఆ వక్కంత వాచరే."