బంక

ఆదివారం. డిండి దాటినంక అడవిల
బండ మీద ఐదు ఖాళీ డబ్బాలు.
మా బావ ఎయిర్‌గన్ను కొత్తది.
"అడవి సర్కారుది. అంటే మనదే"
అనుకుంట గురి చూసిండు.
మూడు పడ్డయి.
తప్పిన గుండ్లు ఎటు పోయినయో
ఎవలం ఎతకలే.

ఎండలు ముదిరినంక మల్ల పోతే
తపసిచెట్టు కింద చిగుర్ల ఈదన్న
బంక గీకుతుండు.
మా తుపాకి దిక్కు చూసి
నా అరచేతిల ఒక ముద్ద పెట్టిండు.
తేనె రంగు. ఎండకు మెరుస్తుంది.
నడుమ నల్లగ సీసం గుండు.

"డిపోల దీన్ని తూకం ఎయ్యరు సారూ.
బంక నాది, గుండు మీది.
తీస్కొని, నాది నాకియ్యండ్రి."

గోటితోని గీకిన. రాలే.
యాభై రూపాయలిస్తే ఈదన్న తీసుకోలే.

దేవరకొండ దాక
స్టీరింగుకు వేళ్ళు అంటుకుంటనే ఉన్నయి.