ఎడమ తలుపు నీలం

పెదవాల్తేరులో ఒక సందు చివర
టార్పాలిన్ కింద నాలుగేళ్లుగా నిలబడి ఉంది.
తొంభై తొమ్మిది మోడల్. ఏపీ ముప్పై ఒకటి.
టార్పాలిన్ ఎత్తగానే ముందు ఒక పిల్లి దిగింది,
తర్వాత వాసన దిగింది:
పాత రెగ్జిన్, ఎలకలు, ఎప్పుడో ఒలికిన కొబ్బరినూనె.

షిప్‌యార్డులో క్రేను నడిపి రిటైరైన ఎర్రయ్య గారు
ధర చెప్పలేదు ముందు.
"చౌక్ సగమే లాగాలి, మొత్తం లాగితే అలుగుతుంది" అన్నారు,
ఇల్లు ఖాళీ చేసేవాళ్లు
మొండి కుళాయి గుట్టు చెప్పి వెళ్లినట్టు.

నలభై రెండు వేలన్నారు. ముప్పై ఆరన్నాను.
ఆయన బండి వైపు చూశారు, నేను టైర్ల వైపు.
ముప్పై ఎనిమిదికి తాళం చేతిలో పడింది.
కాగితాల సంచిలో ఒక నూలుగుడ్డ కూడా పెట్టి,
"ముందద్దానికి ఇదే వాడమ్మా" అన్నారు.

మా వార్డులో నవ్వారు.
నెలకి ఏడువేలు కడితే కొత్తదొచ్చును కదే నూకరత్నం, అని.
రాత్రి రెండింటికి కేజీహెచ్ గేటు ముందు
ఆటోవాడు అడిగే రేటు వాళ్లకు తెలియదు,
వాళ్ల డ్యూటీలు పగటివి.

ఆటోనగర్‌లో పరదేశి షెడ్డు.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి
కళ్లు మూసుకుని విన్నాడు.
నాకు తెలిసిన పనే అది.
అలా విన్నాక డాక్టరు మొహం ఎలా మారుతుందో తెలుసు కనక
అతని మొహమే చూస్తూ నిలబడ్డాను.

"గుండె బాగుందమ్మా. పొట్టే..."
అంటూ కార్పెట్ లాగాడు.
కింద ఇసుక. దోసెడు.
ఇసుకలో ఒక చిన్నపిల్ల హెయిర్‌క్లిప్పు.
ఇసుక ఊడ్చాక నేల లేదు.
క్లచ్చి కింద అరచేయంత కన్నం,
అందులోంచి షెడ్డు గచ్చు కనబడింది,
గచ్చు మీద దారి తప్పిన ఒక చీమ కూడా.

"ఉప్పుగాలమ్మా ఇది.
పైన ముద్దెట్టుకుంటాది, కింద కొరికేస్తాది.
ఈ ఊర్లో బండి కొంటే
ముందు పొట్ట సూడాల, మొకం కాదు."

జీతం వచ్చినప్పుడల్లా ఒక అవయవం.
జూన్‌లో బ్రేకులు. జులైలో రేడియేటరు.
ఆగస్టులో ఏమీ లేదు, తమ్ముడి ఫీజు కట్టాను;
బండి ఇటుకల మీద కూర్చుని వాన చూసింది.
సెప్టెంబరులో నేల:
మెరుపులు కక్కుతూ కొత్త రేకు పాత రేకుని పట్టుకుంది,
అతుకు గరుకుగా, కుట్లు తీయకముందు చర్మంలా.

ఎడమ తలుపు మాత్రం దక్కలేదు.
తుక్కు కొట్టులో దొరికింది ఒకటి, నీలం.
బండేమో తెలుపు.
"రంగు కొట్టేద్దునా? ఆరేలవుద్ది."
ఆరువేలంటే రెండు టైర్లు.
నీలంగానే ఉండనిమ్మన్నాను.

ఇప్పుడు రోజూ నడుస్తుంది.
ఏసీ లేదు, అద్దం దించితే సముద్రం ఉంది.
హనుమంతవాక ఎత్తులో లారీ వెనక ఆగినప్పుడు
నేనూ అదీ కలిసి ఊపిరి బిగబడతాం.
గుంటలో నీళ్లు కనబడితే
ఎడమ కాలు ఇప్పటికీ దానంతటదే పైకి లేస్తుంది,
అతుకు మీద నమ్మకం లేక కాదు,
కాలికింకా ఆ కన్నం గుర్తు.

మొన్న పెదవాల్తేరు జంక్షన్‌లో, సిగ్నల్ దగ్గర,
కూరగాయల సంచితో ఎర్రయ్య గారు.
నన్ను పలకరించలేదు. బండి చుట్టూ సగం తిరిగారు.
నీలం తలుపు దగ్గర ఆగి వేలి కణుపుతో కొట్టి విన్నారు.
డాష్‌బోర్డు మీద క్లిప్పు అలాగే ఉంది,
చూశారో లేదో.
వెనక బస్సు హారన్ మోత.
"చౌక్?" అన్నారు.
"సగమే" అన్నాను.
తల ఊపి పక్కకి తప్పుకున్నారు.

ఇవాళ సెలవు.
నూలుగుడ్డ ఉతికి ఆరేశాను.
సాయంత్రమైంది, ఈ గాలికి
ఇంకా తడి వదల్లేదు.